గుండె బలహీనంగా ఉన్నవారికి సెంట్రల్ స్లీప్ అప్నియా: సీపాప్, బైపాప్, ఏఎస్‌వీలలో దేనిని ఎంచుకోవాలి?

మున్నేటి గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి నిద్ర పరీక్ష నివేదిక చేతికి వచ్చినప్పటి నుండి, నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బుకు (స్లీప్ అప్నియాకు) మాస్కు ద్వారా గాలి పంపే యంత్రాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క దాని పేరు చెబుతున్నారు. ఎవరి మాటకు ఏ ఆధారం ఉందో తెలుసుకోకుండా డబ్బు కట్టడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నాను.

నాన్నగారికి 67 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. ఆసుపత్రి నుండి ఇంటికి పంపే ముందు తీసిన ఎకోలో (గుండె స్కాన్‌లో) ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో బయటకు పంపే భాగం, 35 శాతం అని ఉంది. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు, ఉప్పు బాగా తగ్గించారు, పగటిపూట పెద్దగా ఆయాసం లేదు. రాత్రిపూట తేడాను మొదట గమనించింది మా అమ్మ. నిద్రలో ఆయన ఊపిరి చిన్నగా మొదలై, క్రమంగా పెరిగి, ఎగశ్వాసలా మారి, మళ్లీ తగ్గుతూ వచ్చి పూర్తిగా ఆగిపోతుంది. ఆగినప్పుడు గురక ఉండదు, పెనుగులాట ఉండదు, ఛాతీ కూడా కదలదు. కాసేపటికి మళ్లీ చిన్నగా ఊపిరి అందుకుంటారు. అమ్మ ఆయన ముక్కు దగ్గర చేయి పెట్టి చూస్తూ రాత్రి చాలాసేపు మేలుకొని ఉంటోంది.

హైదరాబాద్‌లో ఒక రాత్రి ఉంచి పూర్తిస్థాయి నిద్ర పరీక్ష చేశారు. ఏహెచ్‌ఐ, అంటే గంటకు ఊపిరి ఆగిన లేదా బాగా తగ్గిన సందర్భాల సంఖ్య, 44. అందులో 33 సెంట్రల్ రకానివని, చెయిన్-స్టోక్స్ శ్వాస కనిపించిందని, రక్తంలో ఆక్సిజన్ 80 శాతం వరకు పడిపోయిందని రాశారు. ఆ రాత్రి యంత్రం పెట్టి చూడలేదు.

ఊపిరితిత్తుల వైద్యుడు మొదట సీపాప్‌తో ప్రయత్నించి నెల రోజుల తరువాత మళ్లీ చూద్దామన్నారు. పరికరాలు అమ్మే ఒకాయన మాత్రం సీపాప్ ఈ జబ్బుకు పనికిరాదని, ఏఎస్‌వీ అనే యంత్రం కొంటే ఏహెచ్‌ఐ దాదాపు సున్నాకు వస్తుందని చెప్పారు. దాని ధర లక్ష రూపాయలు దాటుతుంది. ఇంకొక దుకాణంలో అంత ఖర్చు అనవసరమని, సీపాప్ కంటే ఒక మెట్టు పైనున్న బైపాప్ తీసుకుంటే సరిపోతుందని అన్నారు. డబ్బు విషయంలో వెనుకాడే ఉద్దేశం లేదు. నాన్నగారికి మేలు చేసేది కావాలి. అంకెను సున్నాకు తెచ్చే యంత్రం ఉండగా వైద్యుడు దాన్ని ఎందుకు రాయలేదు? బైపాప్ నిజంగా మధ్యేమార్గమేనా? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సాగరతీరం

మున్నేటి గట్టు గారికి నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక నిద్ర ప్రయోగశాలలో సాంకేతిక నిపుణురాలిగా పనిచేస్తున్నాను. వైద్యురాలిని కాను కనుక యంత్రాల పనితీరు వరకే చెబుతాను. మీ నాన్నగారి గుండెకు సంబంధించిన మాట వైద్యులే చెప్పాలి.

మనవైపు ఎక్కువగా కనిపించేది అబ్‌స్ట్రక్టివ్ రకం. అందులో గొంతు భాగం నిద్రలో కుంగి మూసుకుపోతుంది, లోపల ఛాతీ మాత్రం గాలి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది. పరీక్ష రాత్రి మేము ఛాతీకి, పొట్టకు రెండు పట్టీలు కడతాము కదా, అవి కదులుతూ ఉండగా ముక్కు దగ్గర గాలి లేకపోతే దారి మూసుకుపోయిందని అర్థం. సెంట్రల్ రకంలో ముక్కు దగ్గరి గీత, పట్టీల గీతలు రెండూ ఒకేసారి చదునుగా సాగిపోతాయి. అక్కడ దారి తెరిచే ఉంటుంది. ఊపిరి తీయమనే ఆజ్ఞ మెదడు నుండి రాలేదు. మీ అమ్మగారు ఛాతీ కదలడం లేదని గమనించారంటే, పట్టీలు చెప్పవలసినదాన్ని ఆమె కళ్లతోనే చూశారు.

మెదడు ఆజ్ఞ ఎందుకు ఇవ్వదు అనేదానిపైనే యంత్రం ఎంపిక ఆధారపడి ఉంటుంది. నిద్రలో మన ఊపిరిని ప్రధానంగా నడిపించేది రక్తంలోని కార్బన్ డయాక్సైడ్. అది ఒక హద్దుకంటే తగ్గితే మెదడు ఊపిరిని ఆపి, అది మళ్లీ పేరుకునే వరకు వేచి చూస్తుంది. గుండె బలహీనంగా ఉన్నవారిలో ఊపిరితిత్తులలో కొద్దిగా నెమ్ము చేరి, దానివల్ల వారు అవసరానికి మించి గాలి పీలుస్తుంటారు. కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఆ హద్దుకు దగ్గరలోనే ఉంటుంది. పైగా రక్తం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఊపిరితిత్తులలో జరిగిన మార్పు మెదడుకు ఆలస్యంగా తెలుస్తుంది. గీజరు దూరంగా ఉన్న స్నానాలగదిలో నీళ్లు చల్లగా ఉన్నాయని కుళాయిని బాగా తిప్పి, కాసేపటికి మరిగే నీళ్లు రాగానే ఉలిక్కిపడి పూర్తిగా కట్టేసినట్లు, మెదడు కూడా ఒకసారి అతిగా పీల్చి, మరొకసారి పూర్తిగా ఆపుతుంది. ఈ పెరుగుతూ తగ్గుతూ ఆగే ఊపిరినే చెయిన్-స్టోక్స్ శ్వాస అంటారు. 19వ శతాబ్దంలో డబ్లిన్ నగరంలో పనిచేసిన ఇద్దరు వైద్యుల పేర్లు అవి. గుండె బలహీనతలో ఈ ఒక్కొక్క చక్రం సాధారణంగా ముప్పావు నిమిషం నుండి నిమిషంన్నర వరకు ఉంటుంది.

ఇక యంత్రాల సంగతి. సీపాప్ రాత్రంతా ఒకే పీడనంతో గాలిని పంపుతుంది. అది మీ బదులు ఊపిరి తీయదు. అయినా గుండె బలహీనత వల్ల వచ్చిన సెంట్రల్ అప్నియాలో కొందరికి అది పనిచేస్తుంది. ఛాతీలో పీడనం పెరగడం వల్ల ఊపిరితిత్తులలోని నెమ్ము తగ్గి, గుండె మీద భారం కొంత దిగి, ఊపిరి నిలకడకు వస్తుంది. సుమారు సగం మందిలో మంచి ఫలితం కనిపిస్తుంది. ఎవరిలో కనిపిస్తుందో ముందుగా చెప్పలేము, పెట్టి చూడవలసిందే.

బైపాప్‌ను మెట్టుగా చూడవద్దని గట్టిగా కోరుతున్నాను. అది ఊపిరి లోపలికి తీసేటప్పుడు ఎక్కువ పీడనం, వదిలేటప్పుడు తక్కువ పీడనం ఇస్తుంది. ఈ తేడా వల్ల ప్రతి శ్వాసలో ఎక్కువ గాలి లోపలికి పోయి, కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఎక్కువగా బయటకు పోతుంది. ఇప్పటికే ఆ వాయువు తక్కువగా ఉండి ఊపిరి ఆగుతున్న మనిషికి దాన్ని మరింత తగ్గిస్తే ఏమవుతుందో ఊహించండి. మా ప్రయోగశాలలో ఇలాంటివారికి బైపాప్ పెట్టిన రాత్రి తెరమీద అప్నియాలు పెరగడం నేను కళ్లారా చూశాను. దుకాణాలలో తక్కువ ధరకు దొరికే బైపాప్ చాలావరకు ఎస్ మోడ్ మాత్రమే ఉన్నది, అంటే రోగి ఊపిరి మొదలుపెడితేనే సహకరిస్తుంది. ఎస్‌టీ మోడ్ ఉన్నదైతే నిమిషానికి ఇన్నిసార్లు అని పెట్టుకున్న సంఖ్య కంటే ఊపిరి తగ్గినప్పుడు తానే ఊపిరి అందిస్తుంది; దీన్నే బ్యాకప్ రేటు అంటారు. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే జబ్బులలో, ఉదాహరణకు కండరాల బలహీనత, తీవ్ర స్థూలకాయం వల్ల శ్వాస మందగించడం, నల్లమందు జాతి నొప్పి మందుల ప్రభావం వంటివాటిలో ఎస్‌టీ బైపాప్‌కు మంచి స్థానం ఉంది. మీ నాన్నగారిది అందుకు ఎదురు రకంలా కనిపిస్తోంది. నిర్ధారణ కోసం రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో చూశారా అని మీ వైద్యుడిని అడగండి. ధమని రక్తంతో చేసే ఏబీజీ పరీక్షలో అది తెలుస్తుంది.

ఏఎస్‌వీ వీటన్నిటికంటే తెలివైన యంత్రం, అందులో సందేహం లేదు. గడిచిన కొద్ది నిమిషాల శ్వాసను నిరంతరం కొలుస్తూ, ఊపిరి తగ్గుతున్నప్పుడు సాయాన్ని పెంచి, ఊపిరి పెరుగుతున్నప్పుడు సాయాన్ని తగ్గించి, ఆగితే తానే అందిస్తుంది. చెయిన్-స్టోక్స్ చక్రాన్ని అది చాలామందిలో మొదటి రాత్రే చదును చేస్తుంది. అమ్మే ఆయన అంకె గురించి చెప్పిన మాట నిజమే. కానీ మీ నాన్నగారి ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 అని రాశారు కాబట్టి, ఆ యంత్రం విషయంలో వైద్యుడు ఆగడానికి బలమైన కారణం ఉంది. దాన్ని తెలిసిన వైద్యులు ఎవరైనా వివరిస్తే బాగుంటుంది.

తుంగభద్ర తీరం

నా స్వస్థలం కర్నూలు. ఇంగ్లండులో ఊపిరితిత్తుల, నిద్ర వ్యాధుల విభాగంలో వైద్యుడిగా పనిచేస్తున్నాను. సాగరతీరం గారు యంత్రాల గురించి చెప్పినదానికి కలపవలసినది ఏమీ లేదు. ఆగిన చోటు నుండి అందుకుంటాను.

2015 వరకు మేమందరం ఏఎస్‌వీ మీద ఎంతో ఆశ పెట్టుకున్నాము. సెంట్రల్ అప్నియా ఉన్న హృద్రోగులు త్వరగా చనిపోతున్నారు, ఏఎస్‌వీ సెంట్రల్ అప్నియాను తుడిచిపెడుతోంది, కాబట్టి ఏఎస్‌వీ వారి ఆయుష్షు పెంచుతుంది అని అనుకోవడం సహజంగానే అనిపించింది. దాన్ని పరీక్షించడానికి సర్వ్-హెచ్‌ఎఫ్ అనే అధ్యయనం జరిగింది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 45 శాతం లేదా అంతకు తక్కువ ఉండి, ప్రధానంగా సెంట్రల్ అప్నియా ఉన్న 1,325 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మామూలు గుండె చికిత్సతో పాటు ఏఎస్‌వీ ఇచ్చారు. యంత్రం తన పని తాను చేసింది, ఏహెచ్‌ఐ బాగా తగ్గింది. కానీ ఏఎస్‌వీ వాడినవారిలో గుండె సంబంధమైన మరణాల ముప్పు మామూలు చికిత్స పొందినవారి కంటే 34 శాతం ఎక్కువగా తేలింది. అన్ని కారణాల మరణాలు కలిపి చూసినా 28 శాతం ఎక్కువ. యంత్రం తయారుచేసిన రెస్‌మెడ్ సంస్థే 2015 మే నెలలో వైద్యులకు హెచ్చరిక జారీ చేసింది, ఆ సెప్టెంబరులో పూర్తి ఫలితాలు వెలువడ్డాయి. మరుసటి సంవత్సరం అమెరికా నిద్ర వైద్య అకాడమీ తన మార్గదర్శకాలను సవరించి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 45 శాతం మించని హృద్రోగులలో మధ్యస్థ, తీవ్ర సెంట్రల్ అప్నియాకు ఏఎస్‌వీ వాడవద్దని చెప్పింది.

ఎందుకు అలా జరిగింది అనేదానిపై ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. బలహీనమైన గుండె మీద పీడనం మరీ ఎక్కువై అది పంపే రక్తం తగ్గి ఉండవచ్చునని కొందరు, చెయిన్-స్టోక్స్ శ్వాస ఆ గుండెకు ఒక రకమైన సర్దుబాటు కావచ్చునని మరికొందరు అంటారు. మీ ప్రశ్నకు సంబంధించి నేను ముఖ్యమనుకునే విషయం ఒక్కటే. అంకెను సున్నాకు తేవడం, మనిషికి మేలు చేయడం ఒకటి కావని సర్వ్-హెచ్‌ఎఫ్ కళ్లకు కట్టినట్లు చూపింది. అమ్మేవారి చేతిలో ఉన్నది ఏహెచ్‌ఐ ఒక్కటే. మీ వైద్యుడు చూస్తున్నది మీ నాన్నగారి గుండెను కూడా.

ఇది జరిగి చాలా ఏళ్లయింది కనుక తరువాతి పరిణామాలు కూడా చెప్పాలి. అడ్వెంట్-హెచ్‌ఎఫ్ అనే మరో అధ్యయనంలో వేరే పద్ధతిలో పనిచేసే, మృదువైన పీడనాలు ఇచ్చే ఏఎస్‌వీని 731 మంది మీద పరీక్షించారు. అందులో మరణాలు పెరగలేదు, తగ్గనూ లేదు. నిద్ర నాణ్యత మాత్రం మెరుగుపడింది. యంత్రాలలోని నురుగు పదార్థం సమస్య వల్ల 2021లో వాటిని తయారుచేసిన ఫిలిప్స్ సంస్థ వెనక్కు పిలవడంతో ఆ అధ్యయనం అనుకున్నదానికంటే ముందే ముగిసింది. ఈ ఆధారాలన్నీ చూసి 2025 నాటి అమెరికా మార్గదర్శకాలు కొంత సడలించాయి: గుండె బలహీనత ఉన్నవారిలో కూడా ఏఎస్‌వీని పరిశీలించవచ్చు, అయితే రోగికి విషయం పూర్తిగా చెప్పి, అనుభవమున్న కేంద్రంలో, దగ్గరి పర్యవేక్షణలో మాత్రమే. కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు, కానీ దుకాణంలో కొని ఇంట్లో తగిలించుకునే వస్తువు అది ఎంతమాత్రం కాదు. బ్యాకప్ రేటు లేని బైపాప్‌ను సెంట్రల్ అప్నియాకు వాడవద్దని కూడా అవే మార్గదర్శకాలు సూచించాయి.

మరి సీపాప్‌కు ఉన్న ఆధారం ఏమిటని మీరు అడగవచ్చు. 2005లో వెలువడిన కెనడా అధ్యయనం, కాన్‌ప్యాప్, 258 మంది హృద్రోగులలో సీపాప్ ఆయుష్షు పెంచుతుందేమో చూసింది. మొత్తం మీద పెంచలేదు. అయితే తరువాత అదే సమాచారాన్ని తిరిగి పరిశీలించినప్పుడు, సీపాప్‌తో ఏహెచ్‌ఐ 15 కంటే తగ్గినవారు మెరుగ్గా ఉన్నారని, తగ్గనివారికి ప్రయోజనం కనిపించలేదని తేలింది. అలాంటి వెనుచూపు విశ్లేషణకు పరిమితులు ఉంటాయి, కానీ మీ వైద్యుడు నెల రోజులు చూద్దామనడంలోని తర్కం ఇదే. పనిచేస్తే కొనసాగించాలి. పనిచేయకపోతే ముఖానికి మాస్కు కట్టుకొని ఏళ్ల తరబడి కష్టపడడంలో అర్థం లేదు.

యంత్రం కంటే ముందు రెండు విషయాలు మీ కార్డియాలజిస్టుతో మాట్లాడండి. మొదటిది ఎకో. 35 శాతం అన్నది గుండెపోటు వచ్చిన రోజులలో తీసిన అంకె. ఆ సమయంలో గుండె కండరంలో కొంత భాగం దెబ్బకు మొద్దుబారి ఉంటుంది, నెలల తరబడి మందులు వాడాక అది కోలుకొని ఉండవచ్చు. ఎనిమిది నెలల తరువాత అది 50కి చేరి ఉంటే మనం చేస్తున్న చర్చ మొత్తం మారిపోతుంది. తగ్గి ఉంటే గుండె చికిత్సనే ముందు బలపరచాలి, ఎందుకంటే ఈ రకం అప్నియా గుండె బలహీనతకు నీడలాంటిదే. మందుల మోతాదు సరిచేసినా, తగినవారికి సీఆర్‌టీ పేస్‌మేకర్ (గుండె రెండు వైపులూ కలిసి కొట్టుకునేలా చేసే పరికరం) పెట్టినా అప్నియా దానంతట అదే తగ్గడం చూస్తుంటాము.

రెండవది మందుల చీటీ. స్టెంట్ వేసినవారికి ఇచ్చే టికాగ్రెలోర్ అనే మందు కొందరిలో సెంట్రల్ అప్నియాను, చెయిన్-స్టోక్స్ శ్వాసను కలిగించగలదని గుర్తించి, అమెరికాలో 2021లో ఆ మందు సమాచార పత్రంలో ఆ విషయాన్ని చేర్చారు. మీ నాన్నగారు దాన్ని వాడుతున్నారో లేదో చూడండి. వాడుతున్నా సరే, మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపవద్దు. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే ప్రాణం మీదికి వస్తుంది. మార్చవలసి ఉంటే కార్డియాలజిస్టే మరొక మందుకు పద్ధతి ప్రకారం మారుస్తారు. మోకాళ్ల నొప్పులకో నడుము నొప్పికో ట్రామడాల్ వంటి నల్లమందు జాతి మందులు వాడుతుంటే అదీ చెప్పండి.

గోదావరి గాలి

పెద్దలు వైద్యపరమైన సంగతులు చెప్పారు. నేను రాజమహేంద్రవరం నుండి, యంత్రం వాడుతున్న రోగిగా రాస్తున్నాను. నా కథ మీ నాన్నగారి కథ కాదని ముందే చెప్పాలి, ఎందుకంటే నా గుండె బాగానే ఉంది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60. నాకు మొదట ఉన్నది గురకతో కూడిన అబ్‌స్ట్రక్టివ్ అప్నియా. సీపాప్ మొదలుపెట్టాక గొంతు మూసుకుపోవడం తగ్గింది కానీ అంతకు ముందు లేని సెంట్రల్ అప్నియాలు పుట్టుకొచ్చాయి. చికిత్సతో పాటు తలెత్తే ఈ రకం ఒకటి ఉందని, సగానికి పైగా మందిలో రెండు మూడు నెలలలో తగ్గిపోతుందని నా వైద్యుడు చెప్పి, పీడనాన్ని కొద్దిగా తగ్గించి, ఊపిరి వదిలేటప్పుడు పీడనం తగ్గించే ఈపీఆర్ అనే సౌకర్యాన్ని కట్టివేయించారు. అది హాయిగా ఉంటుందని చాలామంది పెంచుకుంటారు, కానీ అది కూడా చిన్న బైపాప్ లాగే పనిచేసి కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తుంది. నాకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. గుండె పరీక్షలన్నీ చేయించాక, ప్రయోగశాలలో ఒక రాత్రి పెట్టి చూసి, ఏఎస్‌వీకి మార్చారు. నా విషయంలో అది నిజంగా మంచి యంత్రం. ఒకే యంత్రం ఒకరికి వరమై మరొకరికి ప్రమాదం కావచ్చునని తెలియడానికే ఇది రాస్తున్నాను.

మీరు సీపాప్‌తో మొదలుపెడితే కొనకండి, అద్దెకు తీసుకోండి. నెల తరువాత మారవలసి వస్తే నష్టం ఉండదు. అద్దెకు ఇచ్చేవారిని మాస్కు మాత్రం కొత్తది అడగండి. ముక్కు మాస్కు, నోరు ముక్కు రెండూ కప్పే మాస్కు రెండిటినీ కూర్చున్నప్పుడు కాక పడుకోబెట్టి, యంత్రం నడుస్తుండగా పెట్టి చూడాలి, ఎందుకంటే పడుకున్నప్పుడు ముఖం చర్మం పక్కకు జారి, కూర్చున్నప్పుడు సరిపోయిన మాస్కు అప్పుడు గాలి వదిలేస్తుంది. నాన్నగారికి గుబురు మీసం ఉంటే పై పెదవి దగ్గర గాలి కారుతుంది, కంటిలోకి కొడుతుంది. నాకు మీసం కత్తిరించుకున్నాకే కుదిరింది. పట్టీలను బిగించే కొద్దీ కారడం తగ్గుతుందనుకుంటాము, కానీ ఒక హద్దు దాటాక మాస్కు గిన్నె వంగి ఇంకా కారుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది.

వాడేసిన యంత్రాలు చవకగా అమ్ముతుంటారు. తుంగభద్ర తీరం గారు చెప్పిన 2021 నాటి ఉపసంహరణలో ఉన్న పాత ఫిలిప్స్ యంత్రాలు ఆ అమ్మకాలలో ఉండే అవకాశం ఉంది కాబట్టి, మోడల్ పేరు, సీరియల్ నంబరు సరిచూడకుండా తీసుకోవద్దు. రాత్రి కరెంటు పోయే ఊరైతే ఇన్వర్టరు మీద యంత్రం ఎంతసేపు నడుస్తుందో పగలే ఒకసారి చూసుకోండి. గాలిని వెచ్చబరిచే నీటి తొట్టె కట్టేస్తే చాలా ఎక్కువసేపు నడుస్తుంది. ఆ తొట్టెలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు పోస్తే అడుగున తెల్లగా గారపడుతుంది.

మున్నేటి గట్టు

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకొని వెళ్లి వైద్యులతో మాట్లాడాము. మళ్లీ ఎకో తీశారు, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతానికి వచ్చింది. ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 33 అని వచ్చింది, ఉండవలసినదాని కంటే తక్కువట. మందుల చీటీలో టికాగ్రెలోర్ ఉంది. కార్డియాలజిస్టు దాని గురించి విన్నానని, గుండెపోటు వచ్చి ఇన్ని నెలలు గడిచాయి కనుక మార్చవచ్చునని చెప్పి, అదే అవసరానికి వాడే క్లోపిడోగ్రెల్ అనే మందుకు మార్చారు. సీపాప్ అద్దెకు తెచ్చాము. వైద్యుడు 8 సెంటీమీటర్ల పీడనం (నీటిమట్టం లెక్కలో) రాశారు. మొదటి రెండు రాత్రులు నాన్నగారు గంటకే తీసేశారు, ఇప్పుడు నాలుగైదు గంటలు ఉంచుకుంటున్నారు.

యంత్రం తెరమీద ప్రతి ఉదయం ఒక ఏహెచ్‌ఐ అంకె కనిపిస్తోంది. ఒక రోజు 12, మరొక రోజు 23. దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు? నెల తరువాత దేన్ని చూసి పనిచేసిందని అనుకోవాలి?

సాగరతీరం

ఒక్కొక్క ఉదయపు అంకెను చూసి సంతోషపడవద్దు, దిగులుపడవద్దు. యంత్రానికి మీ నాన్నగారు నిద్రపోతున్నారో మేలుకొని ఉన్నారో తెలియదు. ఊపిరి ఆగిందనిపించినప్పుడు అది గాలిలో చిన్న ప్రకంపనలు పంపి, అవి తిరిగి వచ్చే తీరును బట్టి దారి తెరిచి ఉందో మూసి ఉందో తేల్చుకుంటుంది. దారి తెరిచి ఉన్నవాటినే సెంట్రల్‌గా లెక్కవేస్తుంది. మెలకువలో పక్కకు ఒత్తిగిలినప్పుడు, మాస్కు సర్దుకునేటప్పుడు ఊపిరి బిగబట్టినా అందులో చేరిపోతుంది. మాస్కు నుండి గాలి ఎక్కువగా కారిన రాత్రి లెక్క అసలే తప్పుతుంది. అందుకే ఏహెచ్‌ఐ పక్కన లీకు ఎంత, వాడిన గంటలు ఎన్ని అనేవి కూడా చూసి, వారం వారం సగటు తీసుకోవాలి. యంత్రంలో మెమరీ కార్డు ఉంటే దాన్ని భద్రంగా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ కార్డు తెరిస్తే రాత్రంతా సాగిన శ్వాస గీత కనిపిస్తుంది. పెరిగి, తగ్గి, ఆగే ఆ చక్రం ఇంకా ఉందా లేదా అన్నది అంకె కంటే ఆ గీతే బాగా చెబుతుంది. మీరు చూసినా ఫర్వాలేదు గానీ, చూసి పీడనాన్ని మాత్రం మార్చవద్దు. మీ నాన్నగారి విషయంలో పీడనం పెంచడం రక్తపోటును తగ్గించవచ్చు.

టికాగ్రెలోర్ మార్పు, సీపాప్ రెండూ ఒకేసారి జరిగాయి కనుక తగ్గినప్పుడు ఏది తగ్గించిందో ఇప్పుడు చెప్పడం కష్టం. నెల తరువాత మీ వైద్యుడిని రెండు అడగండి. యంత్రం పెట్టి ప్రయోగశాలలో ఒక రాత్రి పరీక్ష చేయవచ్చా, వీలైతే అదే రాత్రి కొంతసేపు యంత్రం లేకుండా కూడా చూడవచ్చా అని. యంత్రం లేకుండానే సెంట్రల్ అప్నియాలు బాగా తగ్గి ఉంటే మందే కారణమై ఉంటుంది, ఇక మిగిలినవాటికి ఏం చేయాలో వేరుగా ఆలోచించవచ్చు. యంత్రంతో 15 కంటే తక్కువకు వచ్చి, ఆక్సిజన్ పడిపోవడం ఆగితే కొనసాగించమంటారు. రాకపోతే రాత్రిపూట కొద్దిపాటి ఆక్సిజన్, ఊపిరిని ప్రేరేపించే అసిటజోలమైడ్ మాత్ర, పర్యవేక్షణలో ఏఎస్‌వీ వంటివి వారు పరిశీలిస్తారు.

ఈలోగా ఉదయాన్నే లేవగానే బరువు, రక్తపోటు ఒక పుస్తకంలో రాయించండి. బరువు రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, యంత్రం పెట్టుకున్నాక తల తిరుగుతోందన్నా నెల గడిచేవరకు ఆగకుండా కార్డియాలజిస్టుకు ఫోన్ చేయండి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకుంటే, తలవైపు మంచాన్ని కొంచెం ఎత్తితే సెంట్రల్ అప్నియాలు కొందరిలో తగ్గుతాయి. రెండు దిండ్లు మెడ కింద పెట్టడం కాదు, మంచం కోళ్ల కిందే ఇటుకలు పెట్టాలి. అమ్మగారిని ఈ రాత్రి నుండి కొన్ని గంటలైనా వేరే గదిలో నిద్రపోనివ్వండి, ఆ సమయంలో మీరో మరొకరో నాన్నగారి దగ్గర ఉండండి.